అమ్మ పోలిక

పిట్టలు తిట్టవని ఎవరైనా అంటే, వాళ్ళు సత్యవేణి ఇంటికి ఎప్పుడూ రాలేదన్నమాట. ఆవిడ వాకిట్లోకి ఒక్క అడుగు వేస్తే చాలు, గుమ్మళ్ళమెట్టలో ఉన్న పిట్టజాతి మొత్తం గొంతు చించుకునేది. ముందు కరెంటు తీగ మీది పసులపోలిగాడు మొదలుపెట్టేవాడు. పశువుల వీపులెక్కి ఊరేగే ఆ నల్లపిట్టకి చీలిన తోకా, ఎర్రటి కళ్ళూ తప్ప చెప్పుకోదగ్గ అందం లేదు గానీ, అడవికి కావలివాడంటే వాడే. వాడు కేకేస్తే మిగతా పిట్టలు నిజమా అని అడగవు. గోరింకలు అందుకునేవి, పిగిలిపిట్టలు అందుకునేవి, చివరికి ఎవరి గొడవా పట్టని తేనెపిట్ట కూడా మందారం మీంచి లేచి నాలుగు మాటలు అనేసి పోయేది.

అందుకే ఆ ఇంటి కిటికీలకి దళసరి పరదాలు. మిట్టమధ్యాహ్నం కూడా లోపల లైటు వెలుగుతూ ఉండేది. ఊరికి కొత్తగా వచ్చినవాళ్ళు ఆవిడకేదో జబ్బనుకునేవారు. జబ్బూ లేదు, గిబ్బూ లేదు. పక్షిశాస్త్రం చదువుకున్న మనిషి, చిన్నప్పట్నుంచీ పిట్టల్ని చూడటం తప్ప వేరే సరదా ఎరగని మనిషి. అలాంటి మనిషి పిట్టల కంటపడకుండా బతకాల్సి రావడం కంటే ఎగతాళి ఇంకోటి ఉంటుందా? ఇంటి చుట్టూ భర్త గంగాధరం పెంచే పూలమొక్కల నర్సరీ, అది దాటితే జీడిమామిడి తోపు, ఆ వెనక చిట్టడివి. పిట్టలు వెతుక్కుంటూ వచ్చే చోటు. ఆవిడకి మాత్రం అది జైలు.

ఆ రోజు పొద్దున వంటింట్లో దోసెలు పోస్తుంటే పసులపోలిగాడి కేక వినబడింది. రెండు పొట్టి కేకలు, వెనకే ఒక పొడుగు కేక. పాముకి వేరే కేక ఉంది, పిల్లికి వేరే, డేగకి వేరే. ఇది మాత్రం ఆవిడ కోసమే పుట్టిన కేక. సత్యవేణి ఉలిక్కిపడి పరదా వైపు చూసింది. మూసే ఉంది. వెనక తలుపు చూసింది. గడియ వేసే ఉంది.

మరి ఎవర్ని చూసి అరుస్తున్నట్టు? పరదా అంచుని వేలితో రవ్వంత జరిపి చూసింది.

వాకిట్లో కూతురు తన్మయి నిలబడి ఉంది. పదమూడేళ్ళ పిల్ల, మెడలో తల్లి పాత కెమెరా. ఉక్కపోతకి జుట్టంతా పైకి లాగి ముడేసుకుంది. పసులపోలిగాడు ఆ పిల్ల నెత్తి మీదుగా దూకి, మళ్ళీ తీగెక్కి, రెక్కలు విదిలించి అరిచాడు. గోరింకలు అందుకున్నాయి.

తన్మయి అటూ ఇటూ చూసి, ఇంటి వైపు తిరిగి విసుక్కుంది. "అమ్మా, కొంచెం కిటికీ దగ్గర్నుంచి జరగమ్మా. నిన్ను చూసి అరుస్తున్నాయి."

పెనం మీద దోసె మాడిపోయింది.

*

ఈ గొడవంతా బెదురుపెట్టెతో వచ్చింది. తన్మయి అప్పటికి ఇంకా బళ్ళో వేసిన కొత్త.

చిట్టడివి అంచున చిన్న పక్షి పరిశోధన కేంద్రం ఉండేది. సత్యవేణి అక్కడ పని చేసేది. పిట్టల్ని వలేసి పట్టి, కాలికి చిన్న ఉంగరం తొడిగి, మళ్ళీ వదిలేయడం ఆవిడ పని. ఆ రోజుల్లో ఉచ్చులు పన్నేవాళ్ళు పూరేళ్ళనీ, జీనువాయిల్నీ, చిలకల్నీ బస్తాల్లో కుక్కి పట్టుకుపోతుండేవాళ్ళు. కేంద్రానికి పెద్దాయన మృత్యుంజయరావు గారికి ఒక ఊహ తట్టింది. కాపలా మనుషులు అడివంతా కాయలేరు సరే, పిట్టలకి దొంగ ముఖం నేర్పితే అవే కాచుకోవా?

అలా పుట్టింది ఆ పెట్టె. టిఫిన్ డబ్బా అంత ఉంటుంది. మీట నొక్కితే ఒకే ఒక్క కేక వస్తుంది. ఎన్నో పసులపోలిగాళ్ళ ప్రాణభయపు అరుపుల్ని వడగట్టి, ఆయన ఏళ్ళ తరబడి కూర్చుని చేసిన కేక. వలలో ఉన్న పిట్ట ఆ కేక వింటున్నప్పుడు ఎదురుగా ఏ ముఖం కనబడితే, ఆ ముఖం దానికి జన్మంతా శత్రువు. ఆ పిట్ట ఊరుకోదు. పక్క కొమ్మకి చెబుతుంది, పిల్లలకి చెబుతుంది.

అయితే మొదటి పరీక్షకి నిజం మనిషి ముఖం వాడకూడదని ఆయన పట్టుబట్టారు. ముసుగు వేసుకునే చెయ్యాలి. ఆర్డరిచ్చిన రబ్బరు ముసుగు ఎంతకీ రాలేదు. పిట్టలు గూళ్ళు కట్టే కాలం ముంచుకొస్తోంది. సత్యవేణి ఇంట్లో జాతరలో కొన్న అట్టముసుగు ఒకటుంది, కోరమీసాల రాజుగారి ముఖం, తన్మయి ఆడుకునేది. "దీంతో కానిచ్చేద్దాం సార్. పిట్టలకి రబ్బరైతేనేం, అట్టయితేనేం" అంది.

మంచు దట్టంగా కురిసిన పొద్దు అది. కంటికి ఆనని సన్నదారం వలలో పసులపోలిగాడు పడ్డాడు. సత్యవేణి రాజుగారి ముఖంతో దగ్గరికెళ్ళింది. చెట్టుచాటునుంచి మృత్యుంజయరావు గారు మీట నొక్కారు. కేక లేచింది. మనిషి వెన్నులో కూడా చలి పుట్టించే కేక. పిట్ట గింజుకుంది, గింజుకున్నకొద్దీ కాలికి దారం మెలిక పడింది. మంచుకి నానిన అట్ట మెత్తబడి కిందికి జారింది, కళ్ళ కంతలు బుగ్గల మీదకొచ్చాయి, ఆవిడకి ఎదురుగా ఏమీ కనబడటం లేదు.

అగ్గిపుల్లంత కాలు. అది విరిగితే ఆ పిట్ట ఇక కొమ్మ పట్టుకోలేదు. ఇంకెవరైనా అయితే "పెట్టె ఆపండి సార్" అని అరిచి, ఆగేదాకా నిలబడేవాళ్ళు. పిట్టల కాళ్ళు పట్టి పట్టి చెయ్యి తిరిగిన మనిషికి ముందు కాలే గుర్తొచ్చింది. ముసుగు లాగి అవతల పారేసింది. "ఉండరా నాన్నా, అయిపోయింది, ఉండు" అంటూ ఒక్కో మెలికా విప్పింది. పెట్టె అరుస్తూనే ఉంది. పిట్ట తన ఎర్రటి కళ్ళతో ఆవిడ ముఖాన్నే చూస్తూ ఉంది.

కాలు దక్కింది. పిట్ట ఎగిరిపోయింది. సత్యవేణి తృప్తిగా వెనక్కి తిరిగేసరికి మృత్యుంజయరావు గారు పాలిపోయిన ముఖంతో నిలబడి ఉన్నారు. "ముసుగేదమ్మా?" అన్నారు.

*

ఆ పిట్ట తన పని తాను చక్కగా చేసింది. మొదట తోపు, తర్వాత నర్సరీ, ఆ తర్వాత ఊరు. పిల్లలు బట్టీ పట్టిన ఎక్కం కూడా అంత తొందరగా వ్యాపించదు. మృత్యుంజయరావు గారు హడలిపోయి, బెదురుపెట్టెని బీరువాలో పెట్టి తాళం వేసేశారు. "నేర్పడమే తెలుసమ్మా నాకు, మరిపించడం తెలీదు" అన్నారు. గింజలు చల్లారు, పళ్ళు పెట్టారు, ఆవిడ ఫొటో పక్కన పురుగులు పెట్టి చూశారు. పిట్టలు ఆ ఛాయలకే రాలేదు.

సత్యవేణి స్కార్ఫు కట్టుకుని, నల్లకళ్ళద్దాలు పెట్టుకుని బయటికెళ్ళి చూసింది. మొదట్లో మోసపోయాయి. తర్వాత తెలిసిపోయింది. ఇక అప్పట్నుంచి ముఖానికి స్కార్ఫు చుట్టుకుని స్కూటీ మీద పోయే ప్రతి ఆడమనిషి నెత్తి మీదా పసులపోలిగాళ్ళు దూకడం మొదలెట్టారు. బళ్ళో టీచరమ్మ, ఆస్పత్రి నర్సమ్మ ఇద్దరూ వచ్చి గంగాధరంతో దెబ్బలాడి వెళ్ళారు. స్కార్ఫు పెట్టెలోకి వెళ్ళిపోయింది.

తిట్లకేం, పడేది. కాకిగోలకి ఎవరు చచ్చారు? ఆవిడని నిజంగా ఇంట్లో కూలేసినవి గూళ్ళు. గుడ్ల మీద కూర్చున్న పిట్ట ఆ ముఖం చూసిందా, ఇక ఆ గూటికి తిరిగి రాదు. ఒకసారి నర్సరీలో నందివర్ధనం చాటున పిగిలిపిట్ట గూడుందని తెలియక అటు నడిచింది. మర్నాడు గంగాధరం ఆ గుడ్లని అరచేతిలో పెట్టుకుని తెచ్చి చూపించాడు. చల్లగా ఉన్నాయి. ఆవిడ ఆ సాయంత్రమే పరదా గుడ్డ కొనుక్కు రమ్మంది. అప్పట్నుంచీ పిట్టలు గూళ్ళకి చేరి చీకటి పడితే తప్ప గడప దాటలేదు.

లోపలే ఉండి చెవులతో బతికింది. తన్మయికి ఊహ తెలిశాక ఆవిడకి కళ్ళు కూడా వచ్చాయి. ఆ పిల్ల కెమెరా పట్టుకుని తోటా తోపూ తిరిగి ఫొటోలు తీసుకొచ్చేది. తల్లీకూతుళ్ళు కంప్యూటర్ ముందు కూర్చుంటే అన్నానికి లేపడం మంగాయమ్మ వల్ల కూడా అయ్యేది కాదు. మంగాయమ్మ అంటే సత్యవేణి అత్తగారు. "కాకిపిల్ల కాకికి ముద్దన్నారు గానీ, కాకి ఫొటో ఎవరికి ముద్దే?" అని వేళాకోళం చేసేది.

"అమ్మా, ఇది పసులపోలిగాడే కదా?" అని ఒక చలికాలం తన్మయి అడిగింది.

"కాదే. వాడి చుట్టం. చలికాలం మాత్రమే వస్తాడు, ఒళ్ళు బూడిదరంగు."

"రెండూ ఒకేలా ఉన్నాయిగా."

"విడివిడిగా చూస్తే అంతే ఉంటాయి. రెండు ఫొటోలూ పక్కపక్కన పెట్టు. ఇప్పుడు పోలిక వదిలెయ్, తేడా వెతుకు."

పక్కపక్కన పెట్టగానే పిల్ల ముఖం వెలిగిపోయింది. "అవునే. ఇంత తేడా ఎలా కనబళ్ళేదు నాకు?"

ఇంకో చిన్న ఆశ కూడా ఉండేది ఆవిడకి. పెట్టె కేక స్వయంగా విన్న పిట్ట భయం గట్టిది. అది చెప్పగా విన్నదాని భయం పలచన. మనవలకీ మునిమనవలకీ వచ్చేసరికి నీళ్ళమజ్జిగ అయిపోవాలి. కిందటి శీతాకాలంలో పరదా జారి, కిటికీ ఊచల మీద పిగిలిపిట్ట ఆవిడకి ఎదురుపడింది. తల ఓరగా పెట్టి చూసింది. అరవలేదు. నింపాదిగా బొప్పాయిముక్క పొడుచుకుని పోయింది. సత్యవేణి వంటింటి గచ్చు మీద చతికిలబడి ఏడ్చింది, సంతోషంతో. "ఇంకొన్నేళ్ళు ఓపిక పడితే బయటికెళ్ళచ్చండీ" అని గంగాధరానికి మాత్రమే చెప్పింది.

ఇదిగో, సరిగ్గా ఆ ఆశ మొలకెత్తిన ఏడే పసులపోలిగాడు తన్మయిని చూసి అరిచాడు.

*

మొన్నమొన్నటిదాకా ఆ పిల్లవి పూరీల్లాంటి బుగ్గలు. ఈ ఏడు ఒక్కసారిగా పొడుగు సాగింది. బుగ్గలు జారి ముక్కు తేలింది, నొసలు విశాలమైంది. మంగాయమ్మ తలకి నూనె రాస్తూ మురిసిపోయింది. "అచ్చం మీ అమ్మ పోలికేనే. ఆ ముక్కూ అదే, కోపమొస్తే కనుబొమ్మలు ముడేసుకోవడమూ అదే. ఊరికే అన్నారా, పాడిని చూసి బర్రెను, తల్లిని చూసి పిల్లను అని."

అత్తగారి మాటకి సత్యవేణి చేతిలో బియ్యం చేట ఆగిపోయింది. తను భయపడుతున్నది నిజమేనని అప్పుడు తేలిపోయింది. పిట్టలకి పోలిక తెలిసింది.

తన్మయికి తెలియడానికి మాత్రం ఇంకొన్నాళ్ళు పట్టింది. చిట్టడివిలో, పసులపోలిగాళ్ళు అంతగా తిరగని మూల, ఒక తోకపిగిలిపిట్టల జంట గూడు కడుతోంది. మగపిట్ట తెల్లటి తోక రిబ్బనులా వేలాడుతుంది, చూస్తే కళ్ళు తిప్పుకోలేం. మొదటి గడ్డిపోచ దగ్గర్నుంచీ తన్మయి ఫొటోలు తీస్తోంది. గుడ్లు పొదిగి పిల్లలు కూడా బయటికొచ్చాయి. ఆ పిల్లలు నోళ్ళు తెరిచిన ఫొటో చూసి సత్యవేణి మనసారా నవ్వింది.

ఆ తర్వాత ఒక మధ్యాహ్నం తన్మయి పరుగెత్తుకుంటూ వచ్చింది. చెప్పులు కూడా విప్పకుండా తల్లి ముందు నిలబడింది.

"గూట్లో పిల్లలు చచ్చిపోయాయమ్మా. తల్లి రావట్లేదు. నిన్న నేను వెళ్ళినప్పుడు పోలిగాడు అరిచాడు, అది లేచిపోయింది. నువ్వు అక్కడ లేవుగా. నువ్వు ఇంట్లో ఉన్నావుగా."

సత్యవేణి కూతుర్ని దగ్గరికి తీసుకోబోయింది. ఆ పిల్ల వెనక్కి జరిగింది.

"నన్ను చూసే కదా అరిచింది?"

అబద్ధం చెప్పాలని సత్యవేణికి ఎంతో అనిపించింది. నోరు రాలేదు. "అవును" అంది.

తన్మయి కెమెరా తీసి గోడకున్న మేకుకి తగిలించింది. వెళ్ళి తన గది కిటికీ మూసేసుకుంది. ఆ వారంలోనే, నడిచి బడికి వెళ్ళే పిల్ల నాన్న కారులో, తల వంచుకుని వెళ్ళడం మొదలెట్టింది. అద్దం ముందు నిలబడి ముక్కుని పక్కకి నొక్కుకుని చూసుకునేది. ఒకరోజు కత్తెరతో జుట్టు ముందుకి కత్తిరించి నొసలు కప్పేసుకుంది. మర్నాడు పసులపోలిగాడు ఆ జుట్టుకి కూడా అరిచాడు. ఆ సాయంత్రం అన్నం ముందు కూర్చుని, కంచంలోకి చూస్తూ, మెల్లిగా అడిగింది.

"నాకు నీ పోలికే ఎందుకొచ్చిందమ్మా? నాన్న పోలిక రాకూడదా?"

మంగాయమ్మ "ఏం మాటలే అవి" అని కసిరింది. సత్యవేణి మాత్రం లేచి చెయ్యి కడుక్కుంది. తనకైతే ముప్ఫై అయిదేళ్ళు పిట్టల్ని చూసిన జ్ఞాపకాలున్నాయి, చీకటిగదిలో తినడానికి అంత మేత ఉంది. ఈ పిల్లకేముంది?

*

దారి చూపించింది ఆ పాత ఫొటోలే. కూతురు మేకుకి తగిలించిన కెమెరాలోంచి బొమ్మలు కంప్యూటర్లోకి ఎక్కిస్తూ, పసులపోలిగాడూ వాడి బూడిదరంగు చుట్టమూ పక్కపక్కన ఉన్న తెర దగ్గర సత్యవేణి ఆగిపోయింది. విడివిడిగా చూస్తే ఒకేలా ఉంటాయి. పక్కపక్కన పెడితే పోలిక పోయి తేడా కనబడుతుంది. మనిషి కంటికి నిజమైంది పిట్ట కంటికి నిజం కాదా?

మృత్యుంజయరావు గారిని ఇంటికి పిలిపించింది. ఆయన పరదాలేసిన ఆ గదిలో కూర్చుని అంతా విన్నారు.

"అవుతుందమ్మా. రెండు ముఖాలూ ఒకేసారి చూడాలి. ఈ ముఖం దగ్గర బెదురు, ఆ ముఖం దగ్గర విడుదల. అప్పుడు తేడా పట్టుకుంటాయి. కానీ..."

"చెప్పండి సార్."

"మళ్ళీ పెట్టె తియ్యాలి. కిందటిసారి విన్నది ఒక్క పిట్ట. ఇప్పుడు ఈ మెట్ట మీదున్న పోలిగాళ్ళన్నిటికీ వినిపించాలి. అన్నీ నీ ముఖం చూస్తూ వినాలి. పలచనవుతోందన్న భయం మళ్ళీ గట్టిపడుతుంది. నీ జన్మకి అది ఇక దిగదు."

గంగాధరం లేచి నిలబడ్డాడు. మొక్కలతో తప్ప మనుషులతో ఎక్కువ మాట్లాడని మనిషి. "వద్దండీ. ఎక్కడికైనా పోదాం. పిట్టల్లేని ఊరు పోదాం."

"పిట్టల్లేని ఊరెక్కడుందండీ?" అంది సత్యవేణి. "ఉంటే మాత్రం, దాన్ని అక్కడికి తీసుకెళ్ళి ఏం పెంచుతాం?"

"మరి నీ సంగతో? ఇంకొన్నేళ్ళయితే బయటికొస్తానన్నావు. పిగిలిపిట్ట అరవలేదని ఏడ్చావు. నేను చూశాను సత్యా."

ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఆ మాట ఎవరూ అనలేదు గానీ ముగ్గురికీ తెలుసు. "దానికి చెప్పకండి" అంది సత్యవేణి చివరికి. "తెలిస్తే రాదు. నా కూతురది, నాకు తెలుసు."

*

జీడిమామిడి తోపు నడుమ ఖాళీలో వల కట్టారు. ఎన్నో ఏళ్ళ తర్వాత సత్యవేణి పగటి వెలుగులో, ముసుగు లేకుండా, నడుచుకుంటూ వచ్చింది. ఆకాశమంతా ఒక్కసారి కేకలేసింది. ఆవిడ తలెత్తి చూసింది. పైన పాలపిట్ట ఒకటి నీలంగా మెరుస్తూ పారిపోయింది. పారిపోయేదైనా సరే, కళ్ళతో చూసింది. అబ్బ, ఆ నీలం ఎంత మర్చిపోయింది తను.

వలలో పసులపోలిగాడు పడ్డాడు. వాడి కేకకి మిగతావాళ్ళు వచ్చి చుట్టూ కొమ్మల మీద బారులు తీరారు. సత్యవేణి వాడిని వలలోంచి తీసి, ముఖానికి దగ్గరగా, అందరికీ కనబడేలా ఎత్తి పట్టుకుంది. మృత్యుంజయరావు గారు మీట నొక్కారు.

తన్మయి చెట్టుచాటున ఉంది. ఆ కేక ఎప్పుడూ వినలేదు ఆ పిల్ల. చెవులు మూసుకుంది. తల్లి ముఖం చూసి ఇంకా భయపడింది. సత్యవేణి పళ్ళు బిగించి, కళ్ళెర్రజేసి, పిట్ట మీదకి రాక్షసిలా అరుస్తోంది. చెయ్యి మాత్రం మెత్తగానే పట్టుకుంది, ఆ సంగతి పిట్టకి తెలీదు.

"రావే. ఇప్పుడే రా."

తన్మయి వచ్చింది, జుట్టు పైకి కట్టుకుని, నొసలు కనబడేలా. నాలుగడుగుల దూరంలో ఆగిపోయింది. "అమ్మా, చాలమ్మా. చచ్చిపోతుందేమో."

"అమ్మా అని పిలవకు నన్ను. లాక్కో."

"అమ్మా..."

"నన్ను తోసెయ్. తోసి లాక్కో. అవన్నీ చూస్తున్నాయి."

తన్మయి ఏడుస్తూనే తల్లిని రెండు చేతులా తోసింది. సత్యవేణి వెనక్కి పడింది. పిట్ట కూతురి చేతుల్లోకి వచ్చింది. కేక ఆగిపోయింది. తోపంతా నిశ్శబ్దం. తన్మయి పిట్టని గుండెలకి ఆనించుకుని, ముఖం దగ్గరికి తెచ్చి, అది బాగా చూసేదాకా ఆగి, వేళ్ళు విప్పింది. నల్లపిట్ట ఆ అరచేతిలో ఒక్క క్షణం కూర్చుని లేచిపోయింది.

సత్యవేణి మట్టిలో పడి ఉండే అదంతా చూసింది. మోచెయ్యి గీరుకుపోయింది. లేవలేదు, లేస్తే కూతురు వచ్చి పట్టుకుంటుందని. ఆ చలికాలమంతా పొద్దున్నే వాళ్ళు ఆ పనే చేశారు. ఒక్కో పసులపోలిగాడికీ ఒక్కోసారి. తన్మయి చివరికి ఏడవడం మానేసి, తొయ్యడం నేర్చుకుంది.

*

వేసవి మొదట్లో ఒకనాడు తన్మయి మేకు మీది కెమెరా తీసుకుని వాకిట్లోకి వెళ్ళింది. సత్యవేణి పరదా వెనక నిలబడింది. తీగ మీద పసులపోలిగాడున్నాడని తెలుసు. పిల్ల మెట్లు దిగింది, మందారాలు దాటింది, గేటు చప్పుడైంది.

ఏ కేకా లేదు. గోరింకలు మామూలుగా వాటి గొడవలేవో అవి పడుతున్నాయి. తేనెపిట్ట సన్నగా కూస్తోంది. సత్యవేణి తలని గోడకి ఆనించి వింటూ ఉండిపోయింది. ఆ ముఖంతో ఒక మనిషి బయటికెళ్తే తోట మామూలుగా ఉండటం ఆవిడ ఇన్నేళ్ళలో వినలేదు.

తర్వాత ఎందుకో వేలితో పరదా జరిపింది. ఊచల మీద పిగిలిపిట్ట ఉంది, అప్పట్లో అరవని ఆ పిట్టే కావచ్చు. ఈసారి అన్నిటికంటే ముందు అదే అరిచింది. ఆవిడ పరదా మూసేసి, అంచులకి పిన్నీసులు పెట్టింది.

చలికాలమంతా దాచిన మాట గంగాధరం కడుపులో ఇక ఆగలేదు. ఎక్కువ మాట్లాడని మనుషులతో వచ్చిన చిక్కే అది, ఉన్నదంతా ఒకేసారి ఒలికిపోతుంది. మొక్కలకి నీళ్ళు పెడుతూ, వాళ్ళమ్మ ఏం వదులుకుందో కూతురికి అంతా చెప్పేశాడు. కూతురు గొడవ పడుతుందని, ఏడుస్తుందని సత్యవేణి అనుకుంది. తన్మయి రెండూ చెయ్యలేదు. వారం రోజులు పొద్దున్నే కెమెరా స్టాండు భుజాన వేసుకుని తోపుకి వెళ్ళింది. తల్లికి ఒక్క ఫొటో చూపించలేదు.

ఎనిమిదోనాడు వచ్చి కంప్యూటర్ ముందు కుర్చీ లాగింది. "కూర్చో" అంది.

తెర నిండా పసులపోలిగాడి తల. ముక్కు మీద మీసాల్లాంటి సన్నటి ఈకలు కూడా లెక్కపెట్టచ్చు. రెక్కలు విప్పలేదు, నోరు తెరవలేదు. ఇన్నేళ్ళలో ఆ పిట్ట తన ఎదుట ఇంత నింపాదిగా ఉండటం సత్యవేణి చూడలేదు.

"ఇంత దగ్గరికి ఎలా వెళ్ళావే?"

"కెమెరా స్టాండు మీద పెట్టి, నేను పక్కన నిలబడి రిమోటు నొక్కాను. నా ముఖం బాగా చూడనిచ్చాను. రోజూ ఇంకొంచెం దగ్గరికి వెళ్ళాను."

"ఎందుకు అంత కష్టం?"

తన్మయి బొమ్మని పెద్దది చేసింది. ఇంకా పెద్దది చేసింది. తెర నిండా ఎర్రటి కన్ను పరుచుకుంది. ఆ ఎరుపులో ఎండ, జీడిమామిడి కొమ్మలు, వాటి నడుమ బియ్యపుగింజంత ముఖం. పైకి ముడేసిన జుట్టు, విశాలమైన నొసలు, ముడిపడిన కనుబొమ్మలు. ఆ కన్ను ఆ ముఖాన్ని చూస్తోంది, ఊరికే చూస్తోంది, భయం లేకుండా.

సత్యవేణి తెర మీద వేలు పెట్టి తడిమింది.

మజ్జిగ గ్లాసులు తెచ్చిన మంగాయమ్మ కళ్ళజోడు పైకి తోసుకుని, తెర దగ్గరికి వంగి చూసింది. "ఇదేంటే సత్యవేణీ, పిట్ట కంట్లో నువ్వున్నావేంటి? ఎప్పుడెళ్ళావు బయటికి?"

తన్మయి ఏదో చెప్పబోయింది. సత్యవేణి ఆ పిల్ల చెయ్యి పట్టుకుని ఆపింది.

"ఇవాళ పొద్దున్నే అత్తయ్యా" అంది.